ఏ నీటి చేప ఇది?

ఒంటిగంట దాటిందంటే విజయవాడ ఆటోనగర్‌లో మోత కాస్త సద్దుమణుగుతుంది. వెల్డింగ్ రవ్వలు ఆగుతాయి. లారీ బాడీలు కట్టే షెడ్లలో సుత్తులు పక్కకు చేరతాయి. గ్రీజు చేతుల్ని డీజిల్ గుడ్డతో తుడుచుకుని, సబ్బుతో రుద్ది కడుక్కుని మెకానిక్కులు, హెల్పర్లు, పని మీద ఎక్కడెక్కడి నుంచో వచ్చిన డ్రైవర్లు మెస్సుల దారి పడతారు. "పులుసు ఏం చేపండీ ఇవాళ?" అని అడిగాకే విస్తరి ముందు కూర్చునేవాళ్ళు చాలామంది. బొచ్చె అంటే ఒక ముఖం, కొరమీను అంటే ఇంకో ముఖం. వంజరం వేపుడుందంటే జేబు తడుముకోవడం కూడా ఉండదు.

ఈ ఊరి నాలుకకు అంత పట్టింపు ఎందుకంటే, దాని చుట్టూ ఉన్న నీళ్ళు అలాంటివి. ఆటోనగర్ పక్కనుంచే పోయే బందరు రోడ్డు పట్టుకుంటే డెబ్భై కిలోమీటర్లకు మచిలీపట్నం, దాన్ని ఆనుకుని గిలకలదిండి హార్బరు. గుడివాడ మీదుగా పోతే కైకలూరు, ఆపైన కొల్లేరు. ఊరి అంచునే కృష్ణ. దారి పొడవునా చేపల చెరువులు. చెరువు, సరస్సు, నది, సముద్రం... నాలుగు నీళ్ళ చేపా ఒక పూట ప్రయాణంలో అందే పట్టణాలు దేశంలో ఎన్నో లేవు.

ఆ నాలుగు నీళ్ళూ ఇప్పుడు ఒక్క తీరున లేవు. ఒకటి నిండుగా పొంగుతుంటే ఇంకొకటి ఖాళీ అవుతోంది. ఒకచోట చేపల్ని పెంచడానికి మరోచోట చేపలు ఉండే చోటునే గట్లతో ముక్కలు చేశారు. పులుసు గిన్నె ముందు కూర్చున్నవాడికి ఇవన్నీ ఒకేలా కనిపిస్తాయి. చింతపండు, ఉల్లిపాయ, మెంతిపొడి పడ్డాక ముక్క ఏ నీటిదో నాలుక చెబుతుందేమో గానీ, ఆ నీటికి ఏమైందో చెప్పదు. చేపంటే ప్రాణం పెట్టేవాళ్ళకే ఆ సంగతి ముందుగా తెలియాలి. ఎందుకంటే చేప కరువైతే ముందుగా నష్టపోయేది పట్టేవాడూ, తర్వాత తినేవాడూ.

తవుడు తిన్న శీలావతి

ముందుగా ఒక ఊరట కలిగించే సంగతి. బెజవాడలో ఉడికే చేపల్లో ఎక్కువ భాగం సముద్రానివి కావు. ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి దాదాపు 50 లక్షల టన్నుల చేపలు, రొయ్యలు ఉత్పత్తవుతున్నాయి. దేశం మొత్తం మీద వచ్చేదాంట్లో ఇది పదింట మూడు వంతులకు దగ్గర. అందులో సముద్రం నుంచి వచ్చేది పదో వంతుకు కాస్త అటూ ఇటూ. మిగిలిందంతా చెరువులదీ, లోతట్టు నీళ్ళదీ.

దీనికి మూలం 1957లో ఉంది. అంతకుముందు బొచ్చె, శీలావతి, మోసు చెరువులో పెరిగేవి కానీ అక్కడ గుడ్లు పెట్టేవి కావు. పిల్లల కోసం వరదల్లో నది మీదే ఆధారపడాలి. ఆ ఏడాది జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త, పిట్యూటరీ గ్రంథి రసాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి ఈ చేపల చేత చెరువు నీళ్ళలోనే గుడ్లు పెట్టించాడు. ఇవాళ దేశమంతా జులై 10ని చేపల రైతుల దినంగా జరుపుకుంటున్నది అందుకే. ఆ ఇంజెక్షన్ లేకపోతే కైకలూరు, ఆకివీడు, మండవల్లి చుట్టూ ఉన్న ఆ నీటి మడుగుల ప్రపంచం పుట్టేదే కాదు.

మేత సంగతీ చెప్పుకోవాలి. ఈ ప్రాంతపు రైతులు చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ సంచుల్లో నూనె తీసిన తవుడు, పత్తి చెక్క, వేరుశనగ చెక్క నింపి, చెరువులో పాతిన వెదురు కర్రలకో, అడ్డంగా లాగిన తాడుకో వేలాడదీస్తారు. చేప వచ్చి ఆ చిల్లుల దగ్గర మూతి పెట్టి కావలసినంత తిని పోతుంది. మేత నీటి అడుగుకు పోయి కుళ్ళదు. శాస్త్రవేత్తలు కూడా ఆంధ్ర పద్ధతిగా గుర్తించిన ఈ బస్తా మేత, డెల్టా రైసు మిల్లుల్లో మిగిలిన తవుడును చేపగా మారుస్తోంది. సముద్రాన్ని తలుచుకుని దిగులుపడే మనిషి నిశ్చింతగా తినదగిన మాంసం ఏదైనా ఉందంటే, తవుడు తిన్న ఈ శీలావతి దానికి చాలా దగ్గర. దాని పిల్ల నది నుంచి రాలేదు, దాని మేతలో సముద్రపు పాలు చాలా తక్కువ.

మన దగ్గర దీనికి గౌరవం లేదు. "చెరువు చేపే కదా" అని పెదవి విరుస్తారు. ముళ్ళెక్కువంటారు, బురద వాసనంటారు. ఐసు వేసిన ఇదే చేప లారీల్లో హౌరా వెళ్తుంది, గువాహటి వెళ్తుంది. బెంగాలీ ఇళ్ళలో ఆంధ్ర రుయి రోజూ ఉడుకుతుంది. 2018 జులైలో ఫార్మలిన్ కలుస్తోందన్న అనుమానంతో అస్సాం ప్రభుత్వం ఆంధ్ర చేపను పది రోజుల పాటు ఆపేసినప్పుడు ఇక్కడి మార్కెట్టు ఎంత కుదేలయిందో ఆ వ్యాపారంలో ఉన్నవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. పెంచేది మనం, తినేది వాళ్ళు. మనవాళ్ళ చేతా తినిపించాలనే రాష్ట్ర ప్రభుత్వం 'ఫిష్ ఆంధ్ర' పేరుతో దుకాణాలు పెట్టించింది. ఆ ప్రయత్నం ఎంత నిలుస్తుందో గానీ, దాని ఆలోచన మాత్రం సరైనది.

కొల్లేరు కట్టిన మూల్యం

ఇంతవరకు చెప్పి ఆగిపోతే సగం నిజమే చెప్పినట్టు. ఆ చెరువుల్లో చాలా భాగం ఎక్కడ తవ్వారో కూడా చెప్పాలి.

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న కొల్లేరు దేశంలోని పెద్ద మంచినీటి సరస్సుల్లో ఒకటి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు దాంట్లోకి వచ్చి పడతాయి. నిండిన నీరు ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతుంది. వానాకాలంలో విప్పారి, ఎండాకాలంలో ముడుచుకునే ఈ నీటిలో కొరమీను, మార్పు, ఇంగిలాయి, వాలుగ, జెల్ల, బొమ్మిడాయి వాటంతట అవే పుట్టి పెరిగేవి. లంక గ్రామాల వడ్డీ జాలరులకు మావులనే చేపల బోనులూ వలలే జీవనం. బొమ్మిడాయిల పులుసు అనే మాటకు డెల్టాలో ఉన్న మహత్తు ఆ నీటి నుంచి వచ్చిందే.

1970లలో ప్రభుత్వమే సరస్సు లోపల చెరువులు తవ్వించడం మొదలుపెట్టింది. మత్స్యకారుల సహకార సంఘాలకు ఆధారం చూపించాలన్నది అప్పటి ఉద్దేశం. సంఘాల పేరు అలాగే ఉండి, చెరువులు మెల్లగా డబ్బున్న లీజుదారుల చేతికి పోయాయి. 2001 నాటి ఉపగ్రహ చిత్రాలను పరిశీలించినవాళ్ళకు సరస్సులో 40 శాతానికి పైగా చెరువు గట్లే కనిపించాయి. ఈలోగా 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర, అయిదో కాంటూరు అనే ఎత్తు గీత వరకు, కొల్లేరును వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002 ఆగస్టులో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా రామ్‌సర్ జాబితాకెక్కింది. కాగితం మీద సరస్సుకు రెండు కవచాలు వచ్చాయి, నీటిలో మాత్రం గట్లు అలాగే ఉన్నాయి.

సుప్రీంకోర్టు కలగజేసుకున్నాక, 2005-06లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో గట్లను పేల్చి, పొక్లెయినర్లతో తెంపింది. దేశంలో ఒక సరస్సును తిరిగి సరస్సుగా చెయ్యడానికి ఇంత పెద్ద ఎత్తున పని జరగడం అరుదు. కానీ లీజులకిచ్చి బతికిన కుటుంబాలకు ఇంకో బతుకుతెరువు చూపించడం దగ్గర ఆ పని కుంటుపడింది. తెగిన గట్లు కొన్నేళ్ళకు మళ్ళీ లేచాయి. కాంటూరును అయిదు నుంచి మూడుకు దించాలన్న డిమాండు ప్రతి ఎన్నికల్లోనూ వినిపిస్తూనే ఉంది. కోర్టుల్లో కేసులూ నడుస్తూనే ఉన్నాయి.

ఇది పక్షుల కోసం మాత్రమే పడాల్సిన దిగులు కాదు. ఆటపాక దగ్గర గూడబాతులు గుడ్లు పెట్టడం చూడముచ్చటైన సంగతే. అయితే 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ఇళ్ళ మొదటి అంతస్తుల దాకా నీళ్ళు నిలబడ్డప్పుడు విజయవాడకు ఒక భూగోళ పాఠం గుర్తుకొచ్చింది. ఆ బుడమేరు చివరికి చేరేది కొల్లేరుకే. ఆ వరదకు అసాధారణమైన వాన, గండ్లు, వాగు గర్భంలో ఇళ్ళు లాంటి కారణాలు చాలా ఉన్నాయి. దిగువన నీరు విప్పారి నిలవాల్సిన చోటును గట్లతో ముక్కలు చెయ్యడం ఆ బాధను తగ్గించలేదన్నది మాత్రం నిజం.

కాబట్టి చెరువు చేపను మెచ్చుకునేటప్పుడు ఏ చెరువు అన్న ప్రశ్న కూడా వెయ్యాలి. పట్టా భూమిలో, సరస్సు హద్దు బయట తవ్విన చెరువులో పెరిగిన శీలావతి వేరు, అయిదో కాంటూరు లోపలి దొంగ గట్టు మధ్య పెరిగిన శీలావతి వేరు. బజార్లో ముక్కలు కొట్టే బల్ల మీద రెండూ ఒక్కలాగే మెరుస్తాయి. వాటిని వేరు చేసి చూపించే గుర్తు ఏదీ కొనేవాడికి అందుబాటులో లేదు. ఉండాలి.

నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ సంగతి ఇక్కడే ఒక మాట. కోళ్ళ వ్యర్థాలు తిని విపరీతంగా పెరిగే ఈ చేప మన మార్పుకు దగ్గరి చుట్టంలా కనిపిస్తుంది. వాగుల్లోకి తప్పించుకుంటే మన చేపల్ని మింగేస్తుంది. చవగ్గా వస్తోందని కొనకండి. ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు.

పులసకు తలుపు మూసిన నది

పుస్తెలమ్మయినా పులస తినాలన్న సామెత గోదావరి జిల్లాలది. కానీ ఆ చేపకు కృష్ణ కూడా పుట్టిల్లే. సముద్రంలో ఇలసగా తిరిగే ఈ చేప, వరద నీరు ఎర్రగా దిగే వేళకు నదికి ఎదురెక్కి, మంచినీటిలో గుడ్లు పెట్టి తిరిగిపోతుంది. గోదావరి, కృష్ణ, కావేరి... మూడింటిలోనూ అది ఎదురెక్కేదని బ్రిటిషు కాలపు మత్స్యశాఖ రికార్డులున్నాయి. 1873లో ఫ్రాన్సిస్ డే అనే అధికారి భారత్, బర్మాల మంచినీటి చేపల మీద ఇచ్చిన నివేదికలో, నదులకు అడ్డంగా కట్టిన ఆనకట్టలు చేపల దారిని ఎలా మూస్తున్నాయో ప్రభుత్వానికి చెప్పాడు. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్టకు సుమారు ఇరవై ఏళ్ళు, బెజవాడ ఆనకట్టకు పద్దెనిమిది.

ఆ ఆనకట్టలు డెల్టాను కరువు నుంచి కాపాడాయి. ఆనకట్టల ఇంజనీరు కాటన్‌కు ఇక్కడి రైతు ఇప్పటికీ దండం పెడతాడు, పెట్టాలి కూడా. చేపకు మాత్రం ఆ రాయి గోడే. 1957 డిసెంబరులో ప్రకాశం బ్యారేజీ తెరుచుకుంది. ఆ పైన 1967లో నాగార్జునసాగర్, తర్వాత శ్రీశైలం, పులిచింతల. అంగుల్‌లో చెరువు చేప గుడ్లు పెట్టిన ఏడాదే బెజవాడలో కొత్త బ్యారేజీ లేచింది. ఒక చేపకు నది అక్కర్లేకుండా పోయిన ఏడాదే, నది తప్ప గతిలేని ఇంకో చేపకు దారి మరింత బిగుసుకుంది.

2001 నుంచి 2004 దాకా వచ్చిన కరువు ఏళ్ళలో కృష్ణ నుంచి సముద్రంలోకి పోయిన నీరు అతి స్వల్పం. "సముద్రంలోకి వృథాగా పోతున్న నీళ్ళు" అనే మాట మనకు బాగా అలవాటు. ఆ నీటిలో వృథా ఏమీ లేదు. ఉప్పునీటిలో తీపినీరు కలిసే చోటే మండపీత పెరుగుతుంది, పండుగప్ప పిల్లలు దాక్కుంటాయి, రొయ్య బాల్యం గడుస్తుంది. నాగాయలంక, సొర్లగొంది దాపున ఉన్న మడ అడవుల్లో బావురుపిల్లి చేపలు పట్టుకుని బతుకుతోందంటే ఆ నీటి పుణ్యమే. పొలానికి అందాల్సిన నీటికి లెక్క ఉన్నట్టే నది సముద్రంలో కలిసే మొగకు అందాల్సిన నీటికీ లెక్క ఉండాలని అడగడం చేప తినేవాళ్ళ హక్కు.

గోదావరిలో పులస ఇంకా దొరుకుతోంది. యానాం రేవులో వేలంలో ఒక్కో చేప వేలల్లో పలుకుతుంది. జన ఉన్న ఆడ చేపకు ఇంకా ఎక్కువ. గుడ్లు పెట్టడానికి వస్తున్న తల్లిని, గుడ్లు పెట్టకముందే, గుడ్లున్నందుకే ఎక్కువ ధర పెట్టి కొంటున్నాం. రుచి మాట ఎవరూ కాదనరు. ఆ కొనుగోలుకు అర్థం ఏమిటో కూడా కొనేవాళ్ళకు తెలియాలి.

బంగ్లాదేశ్ ఇదే చేపను వేరే దారిలో నడిపించింది. అక్కడ 25 సెంటీమీటర్ల లోపు ఇలస పిల్లను పట్టడం, అమ్మడం నేరం. అక్టోబరులో గుడ్లు పెట్టే వేళ 22 రోజులు వేట బందు. ఆ రోజుల్లో జాలరి కుటుంబాలకు బియ్యం ఇస్తారు. 2002-03లో దాదాపు 2 లక్షల టన్నులున్న ఇలస ఉత్పత్తి 2019-20 నాటికి 5.5 లక్షల టన్నులు దాటింది. గంగ మీద 1975లో ఫరక్కా కట్టాక ఎగువన ఇలస దాదాపు కనుమరుగైతే, మన బారక్‌పూర్ లోతట్టు మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు బతికున్న ఇలసల్ని బ్యారేజీ ఎగువన వదులుతున్నారు. కావేరిలో 1934లో మెట్టూరు వచ్చాక పోయిన ఇలస మళ్ళీ రాలేదు. ఈ మూడు నదుల కథా మన ముందుంది. పులసను బతికించుకోవడం ఎలాగో తెలియని పరిస్థితేమీ లేదు.

అరవై ఒక్క రోజులు

సముద్రం దగ్గరికి వస్తే లెక్క ఇంకా చిక్కు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2025లో ఇచ్చిన సమీక్ష ప్రకారం ప్రపంచంలోని చేపల నిల్వల్లో 35.5 శాతం మితిమీరిన వేటకు గురవుతున్నాయి. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 2022లో దేశ తీరంలో 135 నిల్వల్ని పరిశీలించి 91.1 శాతం బాగానే ఉన్నాయని చెప్పింది. ఈ రెండో అంకెను చూసి కొందరు ఊపిరి పీల్చుకుంటారు. ఊరటే గానీ, నిశ్చింత కాదు. నిల్వ కుప్పకూలలేదన్న మాటకూ, జాలరికి వల నిండుతోందన్న మాటకూ చాలా తేడా ఉంది. ఒకప్పుడు ఒడ్డు దాటగానే దొరికిన చేప కోసం మరబోట్లు ఇప్పుడు రోజుల తరబడి డీజిల్ తగలేసుకుంటూ లోపలికి పోవాల్సి వస్తోంది.

కూలిపోతే ఏమవుతుందో కెనడాకు తెలుసు. న్యూఫౌండ్‌లాండ్ తీరంలో నాలుగైదు వందల ఏళ్ళు యూరప్ మొత్తానికి తిండి పెట్టిన కాడ్ చేప 1990 నాటికి చేతికందకుండా పోయింది. 1992 జులైలో ప్రభుత్వం వేట ఆపేసింది. సుమారు 30 వేల మందికి ఒక్కరోజులో పని పోయింది. తాత్కాలికమన్న ఆ నిషేధం ఎత్తివెయ్యడానికి 32 ఏళ్ళు పట్టింది.

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు, ఇంజన్ పడవలు కదలకూడదు. చాలా చేపలకు గుడ్లు పెట్టే కాలమిది. గిలకలదిండిలో, నిజాంపట్నంలో ఆ రెండు నెలలూ వలలు బాగుచేసుకోవడం, బోట్లకు రంగులు వేసుకోవడం. పస్తులుండకుండా ఇచ్చే భృతి 4 వేల నుంచి 2019లో 10 వేలకు, 2025లో 'మత్స్యకార సేవలో' పేరుతో 20 వేలకు పెరిగింది. సముద్రాన్ని కాపాడే ఖర్చును జాలరి ఒక్కడి నెత్తిన పెట్టకూడదన్న సూత్రానికి ఇది మంచి ఉదాహరణ. ఆ సొమ్ము సమయానికి అందిందా లేదా అన్నది కూడా చేపల నిల్వంత ముఖ్యమైన విషయం.

మరి ఏప్రిల్, మే నెలల్లో హోటళ్ళలో వంజరం వేపుడు ఎక్కడి నుంచి వస్తుంది? పశ్చిమ తీరంలో నిషేధం జూన్ 1న గానీ మొదలుకాదు. కాబట్టి కొంత అటునుంచి, కొంత కోల్డ్ స్టోరేజీల నుంచి. ఆ రెండు నెలలూ మన జాలరి ఒడ్డున కూర్చుంటే మన పళ్ళెం మాత్రం ఆగదు. ఇంట్లో వాళ్ళంతా ఆ రెండు నెలలు చెరువు చేపే తినాలని ఒక కట్టుబాటు పెట్టుకుంటే, కార్తీకంలో నీసు మానేసే అలవాటున్న సమాజానికి అది పెద్ద కష్టం కాదు.

సీజను ఒక్కటే సరిపోదు. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్య చట్టం ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపలి నీటిని తెప్పలకు, నావలకు వదిలిపెట్టింది. ఆ గీత దాటి మరబోట్లు లోపలికి వస్తున్నాయన్న తగవు తీరం పొడవునా ఉంది. 2022 జనవరిలో విశాఖ తీరంలో రింగువలల మీద జాలరి గ్రామాల మధ్య జరిగిన గొడవ పడవలు తగలబెట్టుకునేదాకా పోయింది. చేప పుష్కలంగా ఉన్నచోట ఇలాంటి గొడవలు అంతదూరం పోవు.

ట్రాల్ వల సముద్రపు అడుగును ఊడ్చుకుంటూ పోతుంది. దాని సంచిలో రొయ్యతో పాటు అరచేతిలో సగం కూడా లేని చేపపిల్లలు గుట్టలుగా వస్తాయి. వాటిలో రేపటి వంజరాలు, చందువాలు, సావళ్ళు ఉంటాయి. ఎవరూ కూర వండుకోలేని ఆ గుట్ట ఎండి, పొడై, చేపల పొడిగా మారి రొయ్యల మేతలోకి, కోళ్ళ దాణాలోకి పోతుంది. అంటే సముద్రం చేప తినని ఇంట్లోనూ, గుడ్డు మాత్రమే తినే ఇంట్లోనూ ఆ వల ఊడ్చిన పిల్లల పాలు కొంత ఉంది.

రొయ్య, సొర

రొయ్య కథలో మంచి మలుపులు, చెడు మలుపులు రెండూ ఉన్నాయి. 1990ల మొదట్లో కోస్తా అంతా టైగర్ రొయ్య వెర్రి పట్టింది. పిల్లల కోసం జల్లెడ వలలతో మొగల్ని గాలించి, రొయ్యపిల్లను ఏరుకుని మిగిలిన చేపపిల్లల్ని ఇసుకలో పారబోసేవాళ్ళు. 1994-95లో తెల్లమచ్చల వ్యాధి చెరువుల్ని ఊడ్చేసింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యల చెరువుల మీద కఠినమైన తీర్పు ఇచ్చింది. 2009లో అనుమతి వచ్చిన వనామీ రకానికి తల్లి రొయ్యలు విదేశాల నుంచి, పిల్లలు హేచరీల నుంచి వస్తాయి. ఆ మేరకు మొగలకు ఊరట. మేతలో మాత్రం చేపల పొడి పాలు ఇంకా ఉంది. దాన్ని సోయాతోనూ ఇతర పిండితోనూ తగ్గించే పని కంపెనీల పరిశోధనశాలల్లో నడుస్తోంది. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఇక్కడి రైతు గిలగిల్లాడాడు. రొయ్యను ఇక్కడే ఎక్కువగా తినాలన్న మాట అప్పుడు గట్టిగా వినబడింది.

సముద్రపు రొయ్య సంగతి వేరు. తాబేలు బయటపడే కిటికీని వలకు అమర్చడం లేదన్న కారణంతో 2019 నుంచి అమెరికా మన సముద్రపు రొయ్యను కొనడం మానేసింది. ఏటా చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లీలు కృష్ణా తీరపు ఇసుకలో గుడ్లు పెడతాయి. అటవీశాఖ ఆ గుడ్లను ఏరి కంచెల మధ్య పొదిగించి పిల్లల్ని సముద్రంలో వదులుతుంది. అదే సముద్రంలో తల్లి వలలో చిక్కి ఊపిరాడక చనిపోతుంది. కొచ్చిలోని మత్స్య సాంకేతిక సంస్థ ఆ కిటికీని మన వలలకు తగ్గట్టు తయారుచేసి చాలా ఏళ్ళయింది.

సొర దగ్గర మాత్రం మెత్తగా మాట్లాడలేం. బాలింతకు పాలు పడతాయని పాలసొర వండిపెట్టడం, సొరపిట్టు మీద మోజు, రెండూ మన ఇళ్ళలోనే ఉన్నాయి. సొర మిగతా చేపల్లాగా లక్షల గుడ్లు పెట్టదు. పెరిగి ఈడుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. చాలా జాతులు ఈతకు కొద్ది పిల్లల్నే కంటాయి. పాలసొరగా అమ్మేది చాలాసార్లు ఆ పిల్లనే. 1970 నుంచి అయిదు దశాబ్దాల్లో మహాసముద్రాల సొరలు, టేకుల సంఖ్య 71 శాతం పడిపోయిందని 2021లో ఒక అంతర్జాతీయ పరిశోధన లెక్క తేల్చింది. బాలింతకు పాలు పడాలంటే పప్పు, గుడ్డు, చెరువు చేప, కడుపునిండా తిండి ఉన్నాయి. పాలసొర బజారుకు రాకపోతే ఏ తల్లికీ లోటు రాదు.

ఏం కొనాలి, ఏం అడగాలి

చిన్న చేప తింటే చాలు, సముద్రానికి మేలు అని సులువుగా చెప్పేవాళ్ళున్నారు. నెత్తళ్ళు, కవళ్ళు, కానాగంతలు త్వరగా పెరుగుతాయి, త్వరగా గుడ్లు పెడతాయి. కాబట్టి వంజరం బదులు వీటిని తినడం మంచిదే. అయితే కేరళలో 2012లో దాదాపు 4 లక్షల టన్నులు పడిన నూనె కవళ్ళు 2021లో 3,297 టన్నులకు పడిపోయాయి. సముద్రపు వేడిలో మార్పులూ దీనికి కారణం, పిల్లల్ని పట్టెయ్యడమూ కారణం. 2015 నుంచి కేరళ ఒక్కో జాతికి ఎంత పొడవు లోపు పట్టకూడదో గెజిట్‌లో ప్రకటిస్తూ వచ్చింది. 2017 నాటికి జాబితా 58 జాతులకు పెరిగింది. కవళ్ళకు ఆ కొలత 10 సెంటీమీటర్లు. కొనేవాడి చేతికి అలాంటి కొలబద్ద ఉంటే సంగతి మారుతుంది.

ఇక్కడ పండుగప్ప ఒక చిక్కు పెడుతుంది. ఈ చేప మగగా బతుకు మొదలుపెట్టి, కొన్నేళ్ళు పెరిగి బరువెక్కాక ఆడగా మారుతుంది. అంటే బజార్లో అందరూ ఎగబడి చూసే ఆ భారీ పండుగప్ప దాదాపు ఎప్పుడూ తల్లే. దీన్ని చెరువులో పెంచడానికి దారి 1997లోనే పడింది. చెన్నైలోని ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ ఆ ఏడాది దీని చేత హేచరీలో గుడ్లు పెట్టించింది. కృష్ణా తీరపు ఉప్పు చెరువుల్లో ఇప్పుడు దీన్ని పెంచుతున్నారు. కిలో, కిలోన్నర సైజు చెరువు పండుగప్ప వేపుడుకు అన్నివిధాలా సరిపోతుంది.

చేపల బజార్లో కొనేవాడు ప్రస్తుతం మూడే అడుగుతున్నాడు: తాజానా, ముళ్ళెన్ని, కిలో ఎంత. మొప్పలు ఎత్తి చూడటం వచ్చిన మనుషులకు మరో రెండు ప్రశ్నలు అడగడం కష్టం కాదు. చెరువుదా, సముద్రందా? ఏ ఊరిది? అమ్మే అమ్మకు చాలాసార్లు సమాధానం తెలుసు. లారీ ఎక్కడి నుంచి దిగిందో, పెట్టె ఏ రేవు నుంచి వచ్చిందో ఆవిడకు తెలియకుండా వ్యాపారం నడవదు. మత్స్యశాఖ తలుచుకుంటే 'ఫిష్ ఆంధ్ర' దుకాణాల్లో ధరల పలక మీద ఆ రెండు మాటలకూ చోటు దొరుకుతుంది: ఏ నీరు, ఏ ఊరు. సముద్రపు చేపకు పట్టిన వల పేరు, చెరువు చేపకు అది అయిదో కాంటూరు బయటిదన్న రిజిస్ట్రేషను నంబరు కూడా రాయవచ్చు. కొల్లేరు హద్దులు కొలిచి రాళ్ళు పాతే పని ఎటూ చెయ్యాల్సిందే. ఆ కొలత పూర్తయ్యేలోగా బయటి చెరువుల్ని నమోదు చెయ్యడం మొదలుపెడితే, సరైన చోట చెరువు తవ్వుకున్న రైతుకు కిలోకు నాలుగు రూపాయలు ఎక్కువ ఇవ్వడానికి విజయవాడలో మనుషులున్నారు.